ఓడినవారు కుర్చీ దిగడం ఎలా? ఎన్నికల తర్వాత అధికార మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నికల కబుర్లకు కొదవ లేదు. అభ్యర్థి ఎవరు, ఖర్చు ఎంత, మెజారిటీ ఎంత, ఏ మండలంలో దెబ్బ తగిలింది అన్నవి నెలల తరబడి నలుగుతాయి. లెక్కింపు ముగిసిన సాయంత్రం నుంచి కొత్త ప్రభుత్వం కొలువుదీరే దాకా ఏం జరుగుతుందో మాత్రం పట్టించుకునేవారు తక్కువ. 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని పది శాసనసభ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి. 2024లో అవే పది స్థానాలూ తెలుగుదేశానికి వచ్చాయి. ఇంత తారుమారు జరిగినా సైన్యం బ్యారక్‌లు దాటలేదు, ఖజానాకు తాళం పడలేదు. ఇది మామూలే అనుకుంటాం. ప్రపంచంలో చాలాచోట్ల ఇది మామూలు కాదు.

అధికారం మారినట్టు ఏ క్షణాన లెక్క? ఫలితం ప్రకటించినప్పుడా, ప్రమాణ స్వీకారం రోజా?

చట్టం దృష్టిలో ప్రమాణ స్వీకారంతోనే. నన్నడిగితే అసలు మలుపు అంతకు ముందే, ఓడిన ముఖ్యమంత్రి రాజీనామా లేఖ గవర్నరుకు చేరినప్పుడే వస్తుంది. గెలిచినవారు కుర్చీ ఎక్కడానికి పెద్దగా ప్రోత్సాహం అక్కరలేదు. దిగేవారు మారుమాట లేకుండా దిగడమే ప్రజాస్వామ్యంలో కష్టమైన పని.

2024లో మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు జరిగాయి. ఫలితం తేలిన రోజే జగన్‌మోహన్‌రెడ్డి రాజీనామా పంపారు. 11న కూటమి శాసనసభ్యులు చంద్రబాబునాయుడిని నాయకుడిగా ఎన్నుకున్నారు, 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ఆయన ప్రమాణం చేశారు. ఈ మధ్య రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి కూడా మారారు. అంటే పాత ముఖ్యమంత్రి కాగితం మీద ఇంకా పదవిలో ఉండగానే అధికార యంత్రాంగం కొత్తవారి వైపు తిరిగింది.

ఈ మధ్య రోజుల్లో రాష్ట్రాన్ని ఎవరు నడుపుతారు?

పాత ముఖ్యమంత్రే, గవర్నరు కోరిక మీద, ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా. దీనికి రాజ్యాంగంలో ప్రత్యేకంగా అధికరణం లేదు. ఆచారంగా స్థిరపడిన ఏర్పాటు ఇది. రోజువారీ పనులు సాగుతాయి. కొత్త విధానాలు, భారీ కాంట్రాక్టులు, బదిలీల జోలికి పోకూడదు. ఈలోగా ఎన్నికల సంఘం గెలిచినవారి పేర్లతో నోటిఫికేషన్ ఇస్తుంది, దాంతో కొత్త శాసనసభ ఏర్పడినట్టు లెక్క. కొత్త మంత్రివర్గంలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించరాదు. 175 మంది ఉన్న సభలో 15 శాతం పరిమితి అంటే అంతే. ఆశావహుల జాబితా ఎప్పుడూ దానికి రెండింతలు ఉంటుంది, అది వేరే కథ.

ఓడిన ముఖ్యమంత్రి దిగనని మొండికేస్తే?

కూర్చోగలరు, పాలించలేరు. ముఖ్యమంత్రిని నియమించేది గవర్నరు, 164వ అధికరణం కింద. మంత్రివర్గం శాసనసభకు జవాబుదారీ అని అదే అధికరణం చెబుతోంది. సభ గడువు 172వ అధికరణం ప్రకారం ఐదేళ్లు, అది తీరితే సభ దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత మొండికేసిన మనిషి సంతకానికి ఖజానా అధికారి విలువ ఇవ్వడు, పోలీసు అధికారి ఆదేశం తీసుకోడు. మన దగ్గర ఈ పరిస్థితి రాకపోవడానికి నాయకుల మంచితనం ఒక్కటే కారణం కాదు. కలెక్టరు, ఎస్పీ, ట్రెజరీ సిబ్బంది జీతాలు పార్టీ కార్యాలయం నుంచి రావు.

మన ప్రజాస్వామ్యం లేతగా ఉన్న రోజుల్లో ఇది ఎలా సాగింది?

దానికి జవాబు మన రెండు జిల్లాల్లోనే ఉంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. అధికారం పోవడం ఆయనకు కొత్త కాదు. 1946లో మద్రాసు ప్రధాని (అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలా పిలిచేవారు) అయి, ఏడాది తిరగకముందే సొంత పార్టీవారి చేతిలోనే ఆ పదవి పోగొట్టుకున్నారు.

ఆంధ్ర రాష్ట్రంలోనూ ఆ పదవి ఏడాది పైచిలుకే నిలిచింది. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఆయన ప్రభుత్వం ఓడిపోయింది. తేడా ఒకే ఒక్క ఓటు. రాష్ట్రం పుట్టి పదమూడు నెలలు, రాజ్యాంగం వచ్చి ఐదేళ్లయినా కాలేదు. తుపాకీ గుండుకు ఎదురొడ్డిన ఆంధ్ర కేసరి ఒక్క ఓటుకు తలొగ్గారు. రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ మనిషి కోపధారి అని పేరు. పాలనలో పట్టువిడుపులు తెలియవని అన్నవారూ ఉన్నారు. అవన్నీ నిజమే అయినా, ఆ ఒక్క ఓటును గౌరవించడం నా లెక్కలో పెద్ద విషయం. ఆయన పేరు మీద జిల్లా ఉందని అందరికీ తెలుసు, ఈ సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1955 ఆరంభంలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేస్తారని దేశమంతా ఎదురుచూసింది. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై పోటీ చేశాయి. 196 స్థానాల సభలో ఆ ఐక్య కూటమికి 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు పడ్డా సీట్లు మాత్రం 15. మూడో వంతుకు దగ్గరగా ఓట్లు, పదో వంతు సీట్లైనా లేవు. సాయుధ పోరాటం విరమించి అప్పటికి నాలుగేళ్లు కూడా కాని పార్టీ అది. ఆ లెక్క చూసి మళ్లీ అడవి బాట పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ పని చేయలేదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరం నుంచి గెలిచి ఆ చిన్న పక్షంతో సభలో కూర్చున్నారు.

ఆ సభకు ముఖ్యమంత్రి కూడా మనవారే, బుచ్చిరెడ్డిపాళేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆయన కింద ఉపముఖ్యమంత్రిగా ఉన్న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ముఖ్యమంత్రిగా ఉన్న గోపాలరెడ్డి ఆయన మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు కావడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. ఇప్పటి నాయకుల్లో ఎవరైనా ఇలా నిన్నటి సహచరుడి కింద పనిచేస్తారా అంటే, నాకు అనుమానమే.

1977 ప్రస్తావన ప్రతిచోటా ఎందుకు వస్తుంది?

కేంద్రంలో అధికార పార్టీ ఓడిపోవడం అదే మొదటిసారి కాబట్టి. పైగా అది అత్యవసర పరిస్థితి అమల్లో ఉండగా జరిగిన ఎన్నిక. ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో తానే ఓడిపోయారు. మార్చి 21న అత్యవసర పరిస్థితి ఎత్తేశారు, 22న ఆమె రాజీనామా చేశారు, 24న మొరార్జీ దేశాయ్ ప్రమాణం చేశారు. ప్రతిపక్ష నేతలను జైల్లో పెట్టిన ప్రభుత్వమే నాలుగు రోజుల్లో వారికి తాళాలు అప్పగించింది.

మన వైపు నుంచి చూస్తే ఇందులో మరో ముచ్చట ఉంది. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో నెల్లూరు, ఒంగోలుతో సహా 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో ఒక్క సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచారు. అంటే దేశమంతటా ఓడిన పక్షానికి మన ఓటర్లు ఓటేశారు. తమకు నచ్చని ప్రభుత్వం ఢిల్లీలో వచ్చింది. ఇక్కడ దాన్ని ఒప్పుకున్నారు, మూడేళ్లు ఆగారు, 1980లో మళ్లీ ఓటేశారు. శాంతియుత మార్పిడిలో ఓటరు వంతు ఇదే.

మన రాష్ట్రంలో మార్పిడి ఎప్పుడూ సజావుగానే జరిగిందా?

లేదు. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి కావడం సజావుగా జరిగింది. పార్టీ పుట్టి అప్పటికి పది నెలలు కూడా కాలేదు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావుకు పీఠం ఇచ్చారు. రామారావు గుండె శస్త్రచికిత్స చేయించుకుని అప్పుడే అమెరికా నుంచి తిరిగివచ్చారు. మెజారిటీ ఎవరికుందో సభలో తేల్చమంటే వినేవారు లేకపోయారు. ఆయన శాసనసభ్యులను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. ఊరూరా జనం రోడ్డెక్కారు. గవర్నరు మారారు, భాస్కరరావు బలం నిరూపించుకోలేకపోయారు, సెప్టెంబరు 16న రామారావు తిరిగి వచ్చారు.

ఎవరికి బలముందో తేల్చాల్సింది రాజ్‌భవన్ గదుల్లో కాదని, శాసనసభలోనేనని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో స్పష్టం చేసింది. పదేళ్ల ముందే ఈ తీర్పు వచ్చి ఉంటే ఆగస్టు సంక్షోభం ఒక్క పూటలో తేలిపోయేది.

కొత్త ప్రజాస్వామ్యం స్థిరపడిందని ఎప్పుడు చెప్పవచ్చు?

రాజనీతి శాస్త్రంలో ఒక కొలత ఉంది. మొదటి ఎన్నికల్లో గెలిచినవారు తర్వాత ఓడి దిగిపోవాలి, వారి స్థానంలో వచ్చినవారు కూడా మరో ఎన్నికల్లో ఓడి దిగిపోవాలి. రెండుసార్లు ఇలా జరిగితే స్థిరపడినట్టు. మొదటి మార్పు కన్నా రెండోది ముఖ్యం. పోరాడి అధికారంలోకి వచ్చినవారికి ‘మేమే ప్రజలం’ అనే నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకంతో ఉన్నవారు ఓటమిని ఒప్పుకోవడమే పరీక్ష. కొలత మరీ యాంత్రికంగా ఉందన్న విమర్శ ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. ఐదేళ్లకోసారి పార్టీలు మారుతూ, మధ్యలో పత్రికలు, న్యాయస్థానాలు నలిగిపోయినా ఈ పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది.

బయటి దేశాల్లో చెప్పుకోదగ్గ మంచి ఉదాహరణ?

ఘనా. సైనిక తిరుగుబాట్లకు పేరుపడ్డ దేశం. 2001 జనవరి 7న జెర్రీ రాలింగ్స్ ప్రతిపక్షానికి చెందిన జాన్ కుఫూర్‌కు అధికారం అప్పగించారు. 2008 చివర్లో జరిగిన రెండో విడత పోలింగ్‌లో దాదాపు తొంభై లక్షల ఓట్లకు తేడా సుమారు 40,000. మన లెక్కలో ఒక శాసనసభ నియోజకవర్గపు మెజారిటీ. అధికార పార్టీ అభ్యర్థి నానా అకుఫో ఆడో ఆ తేడాతో ఓడిపోయి ఒప్పుకున్నారు. 2012లో మళ్లీ ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణను దేశమంతా టీవీలో చూసింది. 2013 ఆగస్టులో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. నచ్చకపోయినా అంగీకరిస్తున్నానన్నారు. 2016లో గెలిచారు. 2024 డిసెంబరులో ఆయన పార్టీ అభ్యర్థి బావుమియా అధికారిక ప్రకటన రాకముందే ప్రత్యర్థికి అభినందనలు చెప్పారు.

అకుఫో ఆడో రెండుసార్లు ఎందుకు ఆగగలిగారు? మూడో ఎన్నిక వస్తుందనీ, అందులో తాను పోటీ చేయవచ్చనీ నమ్మారు. ఆ నమ్మకం ఉన్నచోట ఓటమి నాలుగైదేళ్ల బాధ. లేనిచోట బతుకు పోరాటం అవుతుంది.

చెడిన సందర్భాలు?

చాలా ఉన్నాయి. గాంబియాలో 22 ఏళ్లు పాలించిన యాహ్యా జామె 2016 డిసెంబరులో టీవీలో ఓటమి ఒప్పుకుని, వారం తిరిగేసరికి మాట మార్చారు. గెలిచిన అడామా బారో పొరుగున సెనెగల్ రాజధాని డాకర్‌లోని రాయబార కార్యాలయంలో ప్రమాణం చేయాల్సి వచ్చింది. పశ్చిమాఫ్రికా దేశాల సైన్యాలు సరిహద్దు దాటాక 2017 జనవరి 21న జామె దేశం విడిచారు. ఐవరీ కోస్ట్‌లో 2010 ఎన్నికల్లో ఓడిన లోరాన్ బాగ్బో దిగనన్నందుకు సుమారు 3,000 మంది చనిపోయారు. మయన్మార్‌లో కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన రోజునే, 2021 ఫిబ్రవరి 1న, సైన్యం అధికారం లాక్కుంది.

కెన్యా నుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ. 2007 డిసెంబరు 30న ఫలితం ప్రకటించిన కాసేపటికే, పొద్దుగూకుతుండగా, అధ్యక్షుడు కిబాకీ హడావిడిగా మళ్లీ ప్రమాణం చేశారు. తర్వాత చెలరేగిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2010లో తెచ్చుకున్న కొత్త రాజ్యాంగం ఫలితంపై ఏడు రోజుల్లో పిటిషన్, పద్నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాతే ప్రమాణం అని గడువులు పెట్టింది. 2017లో అదే కోర్టు ఎన్నికనే రద్దు చేసి మళ్లీ జరపమంది.

మన దగ్గర ఓడినవారికి ఫలితంపై అనుమానం వస్తే?

రోడ్డెక్కనక్కరలేదు, దారులు ఉన్నాయి. మొదటిది పోలింగ్ రోజునే మొదలవుతుంది. పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో చెప్పే 17సి ఫారం నకలు ఏజెంట్లకు ఇస్తారు. లెక్కింపు రోజు యంత్రం చూపే మొత్తంతో దాన్ని సరిచూసుకోవచ్చు. చాలామంది ఏజెంట్లు ఈ కాగితం తీసుకోకుండానే భోజనానికి వెళ్లిపోతారు, తర్వాత ఐదేళ్లు యంత్రాల మీద ఉపన్యాసాలు ఇస్తారు.

రెండోది, ప్రతి శాసనసభ స్థానంలో ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలను (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు) లెక్కించి యంత్రంతో పోల్చడం. మూడోది, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవకాశం. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో, ఖర్చు తాము కట్టి, ఐదు శాతం దాకా యంత్రాలను పరిశీలించమని అడగవచ్చు. ఒంగోలు శాసనసభ స్థానంలో ఓడిన అభ్యర్థి ఆ ఏడాది ఎన్నికల్లోనే దీన్ని వాడుకుని 12 పోలింగ్ కేంద్రాల యంత్రాలను పరిశీలించమని కోరారు. అనుమానం సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, అనుమానం వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

చివరిది హైకోర్టులో ఎన్నికల పిటిషన్. గడువు 45 రోజులు. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గపు ఓటరు కూడా వేయవచ్చు. మన లోపం కూడా ఇక్కడే ఉంది. 1971 ఎన్నికపై ఇందిరాగాంధీకి వ్యతిరేకంగా అలహాబాద్ హైకోర్టు తీర్పు వచ్చింది 1975లో. ఈలోగా పదవీకాలంలో చాలా భాగం అయిపోయింది. కెన్యావాళ్లు పద్నాలుగు రోజుల్లో తేలుస్తున్నారు. మలావీలో 2019 ఎన్నికల ఫలితాల పత్రాల మీద దిద్దుబాటుకు వాడే తెల్ల ఇంకు పూసి అంకెలు మార్చారని తేలి, 2020 ఫిబ్రవరిలో కోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. జూన్‌లో మళ్లీ పోలింగ్ జరిపితే అధికారంలో ఉన్న ముథారికా ఓడిపోయారు. ఆయనే 2025లో ఓట్లతో తిరిగి వచ్చారు.

రాజధానిలో ప్రశాంతంగా మారితే ఊళ్లలో గొడవలు ఎందుకు?

పై స్థాయిలో ఓడిన నాయకుడికి వ్యాపారాలు ఉంటాయి, హైదరాబాదులో ఇల్లు ఉంటుంది. ఊళ్లో అలా కాదు. రేషన్ డీలరుషిప్, ఉపాధి హామీ పథకంలో క్షేత్ర సహాయకుడి పని, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ, చెరువు పూడికతీత, సిమెంటు రోడ్డు బిల్లు, అన్నీ జెండాను బట్టే చేతులు మారతాయి. పాత పార్టీ మనిషి చేసిన పనికి బిల్లు రాదు, అప్పు మాత్రం ఉంటుంది. ఉదయగిరి వైపు మెట్ట పల్లెల్లోనూ, కనిగిరి వైపు కరువు పల్లెల్లోనూ ఇలాంటి చిన్న ఆదాయాలే కొన్ని కుటుంబాలకు ఆధారం. ఓటమి అంటే పొయ్యి ఆరిపోవడం అయినప్పుడు బూత్ దగ్గర కర్రలు లేవడంలో వింత లేదు.

2024లో పోలింగ్ తర్వాత పల్నాడు, అనంతపురం, తిరుపతి జిల్లాల్లో హింస చెలరేగి, ఎన్నికల సంఘం ఉన్నతాధికారులపై చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. పోలీసు బందోబస్తు, నిషేధాజ్ఞలు, విజయోత్సవ ఊరేగింపులపై ఆంక్షలు తాత్కాలిక ఉపశమనమే. రేషన్ డీలరును, వంట మనిషిని పార్టీ చూసి మార్చడం ఆగితే సగం గొడవలు పుట్టనే పుట్టవు. రెండు పక్షాలూ అధికారంలో ఉన్నప్పుడు ఈ మాట వినవు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు మాత్రం ఇదే మాట అంటాయి.

పేర్లు మార్చడం, కట్టడాలు కూల్చడం కూడా ఇందులోకి వస్తాయా?

రక్తం చిందకపోతే శాంతియుతమే అంటే వస్తాయి. 2019 జూన్‌లో ఉండవల్లిలో చంద్రబాబు ప్రభుత్వం కట్టిన ప్రజావేదిక అనే సమావేశ మందిరాన్ని, 2024 జూన్‌లో తాడేపల్లిలో కడుతున్న వైఎస్సార్ కాంగ్రెస్ కార్యాలయాన్ని కూల్చారు. రెండింటికీ నిబంధనల ఉల్లంఘనే కారణమన్నారు. రెండూ ప్రభుత్వం మారిన నెల రోజుల్లోపే జరిగాయి. తక్కువ ధరకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్నాయి. ఆ భోజనం మీద ఆధారపడ్డ హమాలీలను, ఆటో డ్రైవర్లను మధ్యలో ఐదేళ్లు ఎవరూ అడగలేదు.

కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి పాతవారు హాజరు కావాలా?

నియమం లేదు. 2019లో చంద్రబాబు వెళ్లలేదు, 2024లో జగన్ వెళ్లలేదు. అమెరికాలో 1801లో ఓడిన జాన్ ఆడమ్స్ కూడా జెఫర్సన్ ప్రమాణం చేసే రోజు తెల్లవారకముందే ఊరు విడిచి వెళ్లిపోయారు. వెళ్తే అందం, వెళ్లకపోతే నష్టం లేదు.

పాత ప్రజాస్వామ్యాలకు ఈ బెడద లేదా?

2021 జనవరి 6న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీదికి, అధ్యక్ష ఎన్నికల్లో ఓడిన ట్రంప్ మద్దతుదారుల గుంపు వచ్చింది. రెండు శతాబ్దాల అలవాటు కూడా బీమా కాదు.

మా పంచాయతీలో కొత్త సర్పంచ్ గెలిచారు. పాతవారి నుంచి ఏమేమి తీసుకోవాలి?

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు, లెక్కింపు అదే రోజు అయిపోతుంది, ఉపసర్పంచ్ ఎన్నిక కూడా వీలైతే ఆ రోజే జరుపుతారు. కాబట్టి ఇక్కడ మార్పిడి చాలా వేగంగా జరుగుతుంది. ఒక్కోసారి మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన వస్తుంది. 2018లో గడువు తీరాక 2021 ఎన్నికల దాకా మన పంచాయతీలు వారి చేతుల్లోనే నడిచాయి. అప్పుడు బాధ్యతలు అప్పగించేది పాత సర్పంచ్ కాదు, ప్రత్యేకాధికారి.

రికార్డులు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి కాబట్టి పాత సర్పంచ్ ఇంటికి వెళ్లి తగువుపడే పని లేదు. నగదు పుస్తకం, తీర్మానాల పుస్తకం, పన్నుల డిమాండు రిజిస్టరు, పనుల కొలతల పుస్తకాలు, స్థిర చరాస్తుల జాబితా అడిగి చూడాలి. చెల్లించాల్సిన బిల్లులు ఎన్ని ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. మోటార్లు, ట్రాక్టరు, వీధిదీపాల సామాను ఉంటే కళ్లతో చూసి లెక్కపెట్టుకుని సంతకం చేయాలి. ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులకు వాడే పాత సర్పంచ్ డిజిటల్ సంతకం రద్దయిందా, కొత్తది నమోదైందా అన్నది మండల పరిషత్ కార్యాలయంలో వెంటనే కనుక్కోవాలి. పాతవారు పుస్తకాలు ఇవ్వకుండా దాచిపెడితే కార్యదర్శి ద్వారా జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. రసీదు తీసుకోవడం మరిచిపోవద్దు.